పప్పుబోరింగు

మా పెదరాలపల్లెలో నీళ్లు మంచివో కావో చెప్పేది కందిపప్పు. ఎక్కడ కొత్తగా బోరు వేసినా ముందు ఆ నీళ్లతో గిన్నెడు పప్పు ఉడకబెడతారు. రెండు పొంగులకు మెత్తబడితే అవి మంచినీళ్లు. గింజ గింజలాగే మిగిలిపోతే గేదెలకూ బట్టలకూ వదిలేస్తారు. మా నాన్న వయసులో ఉన్నప్పుడు ఊరికి ఉత్తరాన వేసిన చేతిబోరింగు నీళ్లలో పప్పు వెన్నముద్దలా ఉడికిందట. ఆ రోజు నుంచి దాని పేరు పప్పుబోరింగు. పక్క ఊళ్లవాళ్లు సైకిళ్లకు బిందెలు కట్టుకుని వచ్చి పట్టుకుపోయేవాళ్లు. పెళ్లి సంబంధాలు మాట్లాడేటప్పుడు కూడా మా ఊళ్లో పప్పుబోరింగు ఉందని గొప్పగా చెప్పుకునేవాళ్లం.

పప్పును అంత తొందరగా ఉడికించే నీళ్లలో సున్నం తక్కువనీ, మా నేలలో సున్నం తక్కువైన చోటే ఫ్లోరైడు ఎక్కువనీ మాకు తెలిసేసరికి నాన్న మెడ బిగుసుకుపోయింది. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే మనిషి మనిషంతా తిరిగి చూసేవాడు. తర్వాత నడుం వంగింది, మోకాళ్లు మడత పడిపోయాయి. చనిపోయినప్పుడు పాడె మీద వెల్లకిలా పడుకోబెట్టడానికి కుదరలేదు. ఒక పక్కకు ఒరిగించి, అటూ ఇటూ తువాళ్లు కుక్కి మోసుకుపోయారు. మా అక్క హైమావతి అప్పుడు ఇంటరు చదువుతోంది. ఆడపిల్లలు శ్మశానానికి రాకూడదని అంటున్నా వినకుండా వచ్చి, దూరంగా నిలబడి ఆ పాడెనే చూసింది. అది ఆ తర్వాత చదివిన చదువంతా ఆ చూపులోంచి వచ్చిందే.

ఆ మధ్య నీళ్లు పరీక్షించేవాళ్లు వచ్చి పప్పుబోరింగుకు ఎర్రరంగు వేసి పోయారు. ఎరుపంటే తాగవద్దని అర్థమట. మావాళ్ల కంటికి అది ముచ్చటగా కనిపించింది. దసరాకు బోరింగు పిడికి పసుపు రాసి, బొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టారు. ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. కనపడని, వినపడని, నోటికి తగలని దాన్ని చూసి భయపడమంటే మనిషి ఎట్లా భయపడతాడు? మా అక్క పట్టుకున్నది సరిగ్గా ఆ ప్రశ్ననే. నీళ్లను మార్చడం తన చేతిలో లేదు కాబట్టి నాలుకను మారుద్దామనుకుంది.

నేను ఆర్టీసీలో కండక్టరును. ఒకసారి సెలవు పెట్టి, గోంగూర పచ్చడి జాడీ పట్టుకుని హైదరాబాదు వెళ్లినప్పుడు, అక్కడ పరిశోధన చేస్తున్న అక్క నన్ను తన పరిశోధనశాలకు తీసుకుపోయింది. గాజుపెట్టెలో, అక్క తయారుచేసిన చుక్క నాలుక మీద వేసిన తెల్లెలుక ఒకటి ఉంది. దానికి రెండు సీసాలు వేలాడదీశారు. ఒకదానిలో మా పప్పుబోరింగు నీళ్లు, రెండోదానిలో శుభ్రమైన నీళ్లు. ఎలుక మొదటి సీసాకు మూతి తగిలించి వెంటనే వెనక్కి తీసుకుంది, ముందు కాళ్లతో మూతి తుడుచుకుంది, పోయి రెండో సీసా నాకడం మొదలుపెట్టింది. పక్క పెట్టెలో చుక్క వేయని ఎలుక మా ఊరి నీళ్లు హాయిగా తాగుతోంది.

నాలుక మీద చేదును పసిగట్టే కణాలుంటాయట. ఆ చుక్కలో హాని చేయని సూక్ష్మజీవి ఒకటి ఆ కణాల వేరు దాకా దిగి, ఫ్లోరైడును కూడా చేదుగా గుర్తుపట్టే తెలివిని అక్కడ పెట్టి వస్తుందట. నాలుక మీది పొర ఎన్నిసార్లు రాలి కొత్తది వచ్చినా ఆ తెలివి పోదు. ఒక్కసారి వేస్తే జన్మంతా ఉంటుంది.

"కంటికి ఎర్రరంగు చూపిస్తే మనవాళ్లు బొట్టు పెట్టారు. నోట్లో చేదు పెడితే ఏం చేస్తారో చూద్దాం," అంది అక్క. అది నవ్వి చాలా ఏళ్లయింది, ఆ రోజు నవ్వింది.

నేను ఎలుకనే చూస్తున్నాను. "దీనికి రెండో సీసా ఉంది. మనూళ్లో యాడుందే అక్కా?" అన్నాను.

"పిల్లలు నీళ్లు ముట్టకపోతే తల్లులు ఊరుకుంటారా కొండయ్యా? ఊరంతా రోడ్డెక్కుద్ది. అప్పుడు పైపులైను అదే వస్తది."

సమాధానం బాగానే ఉందనిపించింది. పచ్చడి అక్కడే వాళ్లందరికీ పంచి బస్సెక్కాను.

చుక్కలు వేయడానికి అనుమతులు రావడానికి చాలాకాలం పట్టింది. చివరికి మా ఊరి బడిలోనే మొదలుపెట్టారు. చిన్నపిల్లల పోలియో చుక్కలు తెలిసినవాళ్లే కాబట్టి తల్లులు పెద్దగా జంకలేదు. అయినా నమ్మకం కుదరడానికి అక్క ముందు నా కూతురినే పిలిచింది. నా కూతురి పేరు జాహ్నవి. తాగదగ్గ నీళ్లు లేని ఊళ్లో పుట్టిన పిల్లకు గంగ పేరు పెట్టింది కూడా మా అక్కే. దానికప్పుడు పాలపళ్లు కదులుతున్నాయి. కొత్త పళ్లు, కొత్త ఎముకలు వచ్చే వయసు అదేనట, ఫ్లోరైడు లోపలికి చేరి గడ్డకట్టేదీ అప్పుడేనట. నా భార్య రాజ్యం పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని వదల్లేక వదిలింది. అక్క చుక్క వేసి, పిల్ల గడ్డం పట్టుకుని, "ఇది నాన్నలాగా వంగకుండా నిటారుగా నిలబడితే చాలు, నాకింకేం వద్దు," అంది. ఆ మాట విని నాకు ఏడుపొచ్చింది.

నాలుగు రోజులు గడిచాయో లేదో జాహ్నవి గ్లాసుడు నీళ్లు నోట్లో పోసుకుని మా అమ్మ వెంగమ్మ చీర మీద భళ్లున ఉమ్మేసింది. ఊరంతా అదే తంతు. బడిలో బిందె చుట్టూ పిల్లలు ఉమ్ములు ఊస్తూ ఏడుపులు. మధ్యాహ్నం పప్పు చేదు, చారు చేదు, అన్నం కూడా చేదు. పెద్దవాళ్లు తాగి చూస్తే ఎప్పటిలాగే తియ్యటి నీళ్లు. అక్క చెప్పినట్టే ఊరు రోడ్డెక్కింది. రోడ్డుకు అడ్డంగా కూర్చుని బస్సును ఆపారు. తీరా చూస్తే ఆపింది నేను టిక్కెట్లు కొడుతున్న బస్సునే. మావాళ్లే కాబట్టి నేనూ దిగి వాళ్ల పక్కన కూర్చున్నాను. పెద్దమనుషులు జీపుల్లో వచ్చారు, కాలవ నీళ్ల పైపులైను ఏడాదిలో తెస్తామని మాటిచ్చారు, పిల్లలతో ఫొటోలు దిగారు. ఆ రాత్రి అక్క ఫోనులో చిన్నపిల్లలాగా కేరింతలు కొట్టింది.

క్యాన్ల నీళ్లు కొనగలిగినవాళ్లు కొన్నాళ్లు కొన్నారు. తర్వాత ఎండాకాలం వచ్చింది. క్యాన్ల బండి ఒక రోజు వస్తే రెండు రోజులు రాలేదు. పిల్లల పెదాలు పగిలాయి. జాహ్నవి మూత్రం మంటని ఏడిచింది. నేను డిపోలో సీసాలు నింపుకుని తెచ్చేవాణ్ని. డ్యూటీ మీద రెండు రోజులు బయటుంటే ఇంట్లో ఆ సీసాలూ ఉండేవి కావు. దాహంతో ఉన్న పిల్లను చూస్తూ తల్లి ఎంతసేపని ఊరుకుంటుంది?

మా అమ్మ అప్పుడు రంగంలోకి దిగింది.

మా అమ్మను గురించి ఒక మాట చెప్పాలి. దానికి చదువు లేదు గానీ ప్రతిదానికీ ఒక లెక్క ఉంది. తీపి తింటే జబ్బు, చేదు తింటే మందు. పొద్దున్నే వేపపుల్ల, వారానికోసారి కాకరకాయ, జ్వరమొస్తే నేలవేము కషాయం. పిల్లలు ముఖం చిట్లించినకొద్దీ మందు బాగా పనిచేస్తోందని దాని నమ్మకం. మా ఊళ్లో ఈ లెక్క అందరిదీ. ఆ లెక్క ప్రకారం మా అమ్మ ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చింది. కూతురు పెద్ద డాక్టరమ్మ. తన తండ్రిని తినేసిన జబ్బుకు మందు కనిపెట్టింది. చుక్క వేసింది. చుక్క వేశాక నీళ్లు చేదెక్కాయి. అంటే ఆ చుక్కా ఈ నీళ్లూ నోట్లో కలిసి మందవుతున్నాయి. పెద్దవాళ్లకు చుక్క పడలేదు కాబట్టి వాళ్లకు అవి ఉత్త నీళ్లే. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి అటక మీది ఉగ్గుగిన్నె కిందికి దిగి ఉంది. పసిపిల్లకు ఆముదం పట్టించిన ఆ గిన్నెతోనే, జాహ్నవి ముక్కు మూసి, పప్పుబోరింగు నీళ్లు గొంతులో పోస్తోంది. పిల్ల కాళ్లు కొట్టుకుంటోంది.

"అక్క చెప్పింది అది కాదమ్మా, చేదుగా ఉంటే తాగొద్దని," అన్నాను.

"చేదుగా ఉంటే తాగొద్దని ఏ డాక్టరన్నా చెప్పుద్దా? నీకు సరిగ్గా వినపడి ఉండదు," అంది. పిల్ల గొంతు తడిసిందన్న ఊరట రాజ్యం ముఖంలో కనిపించింది.

వాదిస్తే నీళ్లు తేవాలి. తేవడానికి నీళ్లు లేవు. వారం తిరగకుండా ఈ వైద్యం ఊరంతా పాకింది. వెంగమ్మ డాక్టరమ్మకు తల్లి, ఆమెకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? ఎవరింట్లో చూసినా ఉగ్గుగిన్నెలు బయటికొచ్చాయి. మునుపు పిల్లలు దాహమైనప్పుడే తాగేవాళ్లు. ఇప్పుడు మందు కాబట్టి పొద్దున ఒక గ్లాసు, మధ్యాహ్నం ఒక గ్లాసు, పడుకోబోయే ముందు ఒక గ్లాసు. ఏడవకుండా తాగినవాళ్లకు బెల్లం ముక్క. కొన్నాళ్లకు ఏడుపులు ఆగిపోయాయి. మరికొన్నాళ్లకు జాహ్నవి తనంతట తాను గ్లాసు తీసుకుని, గుటకలు వేసి, చప్పరించి, "మందు తాగేశా జేజీ," అని మా అమ్మ ముందు చేయి చాపడం మొదలుపెట్టింది. అక్కకు ఫోనులో చెబితే మొదట నమ్మలేదు. మనిషి చేదుకు అలవాటు పడడా అని అడిగాను. మనం తాగే కాఫీ ఏమన్నా తీపా అన్నాను.

పిల్లల మూత్రం పరీక్షకు తీసుకుపోయినప్పుడు ఫ్లోరైడు తగ్గాల్సింది పోయి పెరిగింది. చుక్కలు వేయని పక్క ఊరి పిల్లల కంటే మా పిల్లల ఒంట్లోనే ఎక్కువ ఉంది. ఆ ఫలితం చూసి అక్క ఆ రాత్రే బయలుదేరి వచ్చింది. చెప్పులు విడవకుండా సరాసరి వంటింట్లోకి పోయింది. అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది.

"అది విషమమ్మా. విషం కాబట్టే చేదుగా ఉండేట్టు చేశాను. నోరు ఒద్దంటే ఒద్దనేగా. ఆ మాత్రం తెలియదా నీకు?" అంది అక్క.

అమ్మ కాసేపు పొయ్యిలో పుల్లలు ఎగదోసింది. "నీకు పాలు మానిపిద్దామని వేపాకు నూరి రాసుకున్నా. అందరు పిల్లలూ ఒకసారి నోరు పెట్టి ఏడ్చి మానేస్తారు. నువ్వు ఆ వేపాకంతా నాకేసి మళ్లీ తాగినావు. ఎందుకో తెలుసా? ఆ ఏడు కరువు. ఇంట్లో ఇంకేం లేదు నీకు పెట్టడానికి." తలెత్తి అక్క వైపు చూసింది. "చేదు పెట్టడం తెలిసింది. పక్కన గిన్నెడు గంజి పెట్టాలని తెలవలేదా అమ్మే నీకు?"

అక్క చెప్పులు విడిచి, గోడకు ఆనుకుని కూర్చుంది. నేను ఇద్దరికీ అన్నం పెట్టాను గానీ ఎవరూ తినలేదు.

మర్నాడు బడి ముందు అందరినీ పోగుచేసి అక్క ఉన్నదున్నట్టు చెప్పింది. చేదు మందు కాదనీ, విషం ఉందని చెప్పే గుర్తు మాత్రమేననీ చెప్పింది. ఒకావిడ లేచి, ఇన్నాళ్లూ విషమని తెలిసే మా పిల్లల నోట్లో చుక్క వేశావా అని అడిగింది. విషం నీళ్లలో ముందు నుంచీ ఉందని అక్క అంది. మరి మాకు కొత్తగా ఏం చేశావని ఆవిడ అడిగింది. ఇంకొకాయన మెల్లగా, పోనీ ఆ చేదన్నా తీసెయ్యమన్నాడు. అది తన చేతిలో లేదని అక్క చెప్పింది. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. లేచి చీరలు దులుపుకుని, వంటకు నీళ్లు తెచ్చుకోవాలని పప్పుబోరింగు దగ్గరికి పోయారు. నాకు వాళ్ల మీద కోపం వచ్చింది, మా అక్క మీద వచ్చింది, జీపుల్లో వచ్చిన పెద్దమనుషుల మీద వచ్చింది. ఏ కోపమూ బిందెడు నీళ్లు తెచ్చిపెట్టలేదు.

ఆ చుక్కను అక్క వాళ్ల పరిశోధనశాల మూలన పెట్టేసింది. అక్క మాత్రం నెలనెలా వచ్చి పిల్లల పళ్లు, మోకాళ్లు చూసి పోయేది. వచ్చినప్పుడల్లా కారు నిండా క్యాన్లు తెచ్చేది. అవి రెండు రోజులకు సరిపోయేవి. మిగతా రోజుల్లో ఉగ్గుగిన్నె అక్కర్లేకుండానే మళ్లీ పప్పుబోరింగు నీళ్లతో గ్లాసులు నిండేవి.

ఏడాదిలో తెస్తామన్న పైపులైను జాహ్నవి ఏడో తరగతిలోకి వచ్చాక వచ్చింది. అప్పటికి దాని ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు పడ్డాయి. నవ్వేటప్పుడు పెదవులు మూసి నవ్వడం నేర్చుకుంది. కింద కూర్చుని లేచేటప్పుడు మోకాలి మీద చేయి ఆనించుకుని లేస్తుంది. ఆ లేవడం నాకు తెలుసు. మా నాన్నా మొదట్లో అట్లాగే లేచేవాడు.

మా వీధిలో కొళాయికి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టారు. కాసేపు గాలి బుసకొట్టి, ఎర్రటి నీళ్లు వచ్చి, తేటబడ్డాయి. అక్క ముందు రోజే వచ్చి ఉంది. వచ్చిన నీళ్లను పరీక్ష చేసి, తలూపి, మొదటి గ్లాసు తనే పట్టి జాహ్నవికి ఇచ్చింది. ఆ గ్లాసు కోసమే అది ఇన్నేళ్లు బతికినట్టు ఇచ్చింది. జాహ్నవి ఒక గుక్క నోట్లో పోసుకుంది. నోట్లో అటూ ఇటూ తిప్పింది. తర్వాత పక్కకు ఉమ్మేసింది.

"ఇవేం నీళ్లత్తా? ఇందులో ఏమీ లేదు."

"ఏమీ లేకపోవడమే మంచిదిరా. తాగు," అంది అక్క.

పిల్ల ఇంకో గుక్క ప్రయత్నించింది. అత్తంటే దానికి ప్రాణం. గొంతు దిగలేదు, ఓకరింత వచ్చింది. గ్లాసు అరుగు మీద పెట్టేసి, "చప్పగా, చచ్చిన నీళ్లలాగా ఉన్నాయి. నేను మంచినీళ్లు తెచ్చుకుంటా," అంది. మంచినీళ్లంటే మా ఊళ్లో ఎప్పుడూ పప్పుబోరింగు నీళ్లే. వీధి పొడుగునా పిల్లలు అట్లాగే కొళాయి నీళ్లు ఊసేస్తున్నారు. చిన్నప్పుడు అదే బడిలో బిందె చుట్టూ ఊసిన పిల్లలే వాళ్లంతా.

బోరింగు పీకేస్తే పోలేదా అని మీరనొచ్చు. కొళాయి రోజు విడిచి రోజు, అరగంట వస్తుంది. గేదెలున్నాయి, బట్టలున్నాయి, కొళాయి రాని రోజున్నది. పీకేస్తామంటే ఊరు ఒప్పుకోలేదు.

మా అమ్మ ఇదంతా గడపలో కూర్చుని చూస్తోంది. దానికి ఇప్పుడు చూపు మందగించింది గానీ విషయం అర్థమైంది. మెల్లగా లేచి పెరట్లోకి పోయి వేపరెమ్మ తుంచుకొచ్చింది. నాలుగాకులు నూరి, కొళాయి నీళ్లలో కలిపి, వడకట్టి, ఉగ్గుగిన్నెలో పోసింది. ఆ గిన్నె ఎక్కడుందో దానికి ఇంకా గుర్తుంది. అక్క వద్దనలేదు. గిన్నెను తనే అమ్మ చేతిలోంచి తీసుకుని మేనకోడలి నోటి దగ్గర పెట్టింది. నీళ్లను కాక నాలుకను మార్చిన మా అక్క, శుభ్రమైన నీళ్లలో వేపాకు కలిపి పిల్లను బతిమాలుతోంది.

జాహ్నవి నాలుక చివరతో రుచి చూసింది. జాలిగా మా అమ్మ వైపు చూసింది.

"ఇది మన చేదు కాదు జేజీ," అంది.

దేవుడి గూటి పక్కనున్న తన సీసా తీసుకుని బయటికి పోయింది. అక్క ఉగ్గుగిన్నెలోని ఆ వేపాకు నీళ్లు అడుగు దాకా తనే తాగేసింది. అమ్మ దాని వీపు మీద చేయి వేసింది.

పప్పుబోరింగు కొడుతున్న చప్పుడు ఇంటి దాకా వినిపించింది. నాలుగుసార్లు కొట్టి ఆగింది, మోకాలు నొప్పేమో. మళ్లీ కొట్టింది.